టార్చిలైటు తీగ వంపు తిరిగితే రేడియో తరంగాలు రావేం?

చిత్తూరు ఫిజిక్స్ సార్ · శనివారం రాత్రి 9:12

చిత్తూరులో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. నిన్న రెండో సంవత్సరం తరగతిలో విద్యుదయస్కాంత తరంగాల పాఠం మొదలుపెట్టి, పదిహేనేళ్ళుగా చెబుతున్న వాక్యాన్నే మళ్ళీ చెప్పాను. కదలని విద్యుదావేశం విద్యుత్ క్షేత్రాన్ని ఇస్తుంది, సమవేగంతో కదిలేది అయస్కాంత క్షేత్రాన్ని కూడా ఇస్తుంది, త్వరణంతో కదిలేది తరంగాలను వెదజల్లుతుంది. అందరూ రాసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం కలం కింద పెట్టి అడిగింది: "సార్, వంపు తిరిగితే వడి మారకపోయినా త్వరణం ఉన్నట్టేనని పోయిన ఏడాది చెప్పారు. మరి టార్చిలైటులో తీగ చుట్టూ తిరిగి బ్యాటరీకే వస్తుంది. మలుపు దగ్గర ఎలక్ట్రాన్లు తిరుగుతున్నాయి కదా. ఆ తీగ రేడియో తరంగాలు ఎందుకు పంపదు?"

డైరెక్ట్ కరెంటు కాబట్టి పంపదు అన్నాను. "ఎందుకు పంపదు అని అడిగితే పంపదు కాబట్టి అన్నట్టుంది సార్" అంది. తరగతి నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు. సోమవారం లోపల దానికి జవాబు చెప్పాలి. తెలిసినవాళ్ళు ఆదుకోండి.

పాత వైర్‌లెస్ · శనివారం రాత్రి 9:40

సార్, ఆ అమ్మాయికి ముందు నా నమస్కారం చెప్పండి. ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ సెట్ల ముందు కూర్చుని రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నా వంతుగా ఒక మాట. ఎలక్ట్రాన్లు తీగలో పరుగెత్తవు, పాకుతాయి. సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా కష్టమే. అంత నెమ్మదిగా పోయేదానికి మలుపులో త్వరణం ఎంత ఉంటుంది? వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించి చూడండి, ఏమీ మిగలదు.

లెక్క చూపండి · శనివారం రాత్రి 10:05

వైర్‌లెస్ గారి మాటకు అంకెలు వేద్దాం. చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో 1.4 ఆంపియర్ల కరెంటు పారితే ఎలక్ట్రాన్ల సగటు డ్రిఫ్ట్ వేగం, అంటే ఆ పాకే వేగం, సెకనుకు సుమారు 0.1 మిల్లీమీటరు. తీగ మలుపు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు అనుకుంటే త్వరణం 10⁻⁶ మీ/సె². లార్మర్ 1897లో ఇచ్చిన సూత్రం ప్రకారం వెదజల్లే సామర్థ్యం త్వరణ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఎలక్ట్రాన్‌కు ఆ గుణకం 5.7 × 10⁻⁵⁴. అంటే ఒక్కో ఎలక్ట్రాన్ నుంచి 5.7 × 10⁻⁶⁶ వాట్. పది సెంటీమీటర్ల తీగలో దాదాపు 8.5 × 10²¹ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అన్నీ కలిపినా 5 × 10⁻⁴⁴ వాట్. చీమ తుమ్మితే ఇంతకన్నా ఎక్కువ శక్తి వస్తుంది.

అయితే ఇది ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కాదు. "చాలా తక్కువ" అనడం వేరు, "అసలు లేదు" అనడం వేరు. డైరెక్ట్ కరెంటు ఎంత పెంచినా, అతివాహక తీగ చుట్టలో వేల ఆంపియర్లు నడిపినా, తరంగం రాదు. దానికి కారణం ఇంకొకటి ఉంది.

మామిడి తోట · శనివారం రాత్రి 10:31

బంగారుపాళ్యం దగ్గర తోట మాది. పదో తరగతితో చదువు ఆగింది, అందుకని తప్పుగా అడిగితే ఏమనుకోవద్దు. మా బోరు స్టార్టర్ గదిలో ఒక పాత రేడియో పెట్టుకున్నాను. స్టార్టర్ పచ్చ బటన్ నొక్కితే రేడియోలో "టక్" అని గట్టిగా వస్తుంది. ఎర్ర బటన్ నొక్కినా వస్తుంది. మధ్యలో మోటారు మూడు గంటలు నడిచినా అంత చప్పుడు ఉండదు, సన్నగా గుంయ్ మంటుంది, అంతే. మీరు చెప్పుకుంటున్నది దీని గురించేనా?

లెక్క చూపండి · శనివారం రాత్రి 10:36

అయ్యా, ఇప్పటిదాకా ఈ చర్చలో వచ్చిన మాటల్లో పనికొచ్చేది మీదే.

కొండకింద · శనివారం రాత్రి 11:20

తిరుపతిలో పరిశోధన విద్యార్థిని. మామిడి తోట అన్న చెప్పిన "టక్" దగ్గరే మొదలుపెడతాను. కుదుపు ఎందుకు తరంగం అవుతుందో తెలిస్తే, తీగ చుట్ట ఎందుకు మౌనంగా ఉంటుందో తరువాత సులువుగా తెలుస్తుంది. ఈ వివరణ జె.జె. థామ్సన్‌ది, నూట ఇరవై ఏళ్ళ నాటిది. ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

ఒక ఆవేశం కదలకుండా ఉంది. దాని నుంచి బలరేఖలు అన్ని వైపులకూ సూటిగా పోతున్నాయి, సైకిలు చక్రం ఊచల్లా. ఒక్క క్షణం కుదిపాము. కదిలింది, ఆ తరువాత సమవేగంతో సాగుతోంది. ఒక మైక్రోసెకను గడిచింది. కుదుపు కబురు ఈపాటికి 300 మీటర్ల దూరమే చేరింది, ఎందుకంటే కాంతి కన్నా వేగంగా ఏ కబురూ పోదు. 300 మీటర్ల అవతల ఉన్న రేఖలకు ఏమీ తెలియదు, అవి ఆవేశం పాతచోటే ఉందనుకుని అటే గురిపెట్టి ఉంటాయి. లోపల ఉన్నవి కొత్త చోటును చూస్తుంటాయి. మధ్యలో ఆవేశం ఏదీ లేదు కనుక రేఖ తెగిపోవడానికి వీల్లేదు. లోపలి రేఖ బయటి రేఖను అందుకోవాలంటే అడ్డంగా వంగక తప్పదు. ఆ వంపే తరంగం. అది ఒక పలచని గోళాకారపు పొరలా కాంతివేగంతో బయటికి పోతూ ఉంటుంది. పొర మందం ఎంత అంటే, కుదుపు ఎంతసేపు జరిగిందో అంతసేపట్లో కాంతి నడిచేంత.

ఊళ్ళో తేరు లాగేటప్పుడు గమనించండి. వందమంది పట్టుకున్న మోకు ఒక కొసన తేరు ఉలిక్కిపడి కదిలితే, ఆ ఉలికిపాటు మోకు వెంట అలలా పోతుంది. చివరి మనిషి చేతికి అది ఒక్క క్షణం ఆలస్యంగా తగులుతుంది.

ఇక దూరం పెరిగేకొద్దీ ఏమవుతుంది? కదలని ఆవేశం ఇచ్చే మామూలు కూలుంబ్ క్షేత్రం దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. అడ్డం వంపు అలా కాదు. పొర దూరం పోయేకొద్దీ లోపలి రేఖకూ బయటి రేఖకూ మధ్య ఎడం పెరుగుతుంది, పొర మందం మాత్రం మారదు. కాబట్టి వంపు అంతకంతకూ అడ్డం తిరుగుతుంది. ఫలితంగా అడ్డపు క్షేత్రం దూరం రెట్టింపైతే సగానికే తగ్గుతుంది. శక్తి క్షేత్ర వర్గంగా ఉంటుంది, అంటే నాలుగో వంతు. గోళం వైశాల్యం నాలుగు రెట్లు. రెండూ గుణిస్తే మారేదేమీ లేదు. ఆవేశం చేతిలోంచి జారిపోయిన శక్తి అలాగే పోతూ ఉంటుంది. నక్షత్రాల వెలుగు మన కంటిదాకా రావడం దీనివల్లే.

లెక్క చూపండి · శనివారం రాత్రి 11:44

మోకు పోలిక దగ్గర కొంచెం జాగ్రత్త. మోకులో అల వేగం బిగువు మీద, బరువు మీద ఆధారపడుతుంది. బలరేఖకు అవేవీ లేవు, అది మనం గీసుకున్న గీత. మిగతా అంతా సరే. ఒకటి కలుపుతాను: కుదుపు ఏ దిక్కుగా జరిగిందో ఆ దిక్కుగా పోయే రేఖలో వంపు ఉండదు, ఎందుకంటే అక్కడ పాతచోటు, కొత్తచోటు ఒకే గీత మీద ఉంటాయి. అందుకే ఆవేశం తన త్వరణం దిశలో తరంగం పంపదు, దానికి అడ్డంగానే బలంగా పంపుతుంది.

మామిడి తోట · ఆదివారం ఉదయం 6:05

నాకు మోకు కన్నా తిరుమల క్యూ బాగా అర్థమైంది. ముందు గేటు తీస్తారు. ముందరి వాళ్ళు కదులుతారు. వెనక కంపార్ట్‌మెంటులో వాళ్ళకు ఆ సంగతి తెలియదు, ఇంకా కూర్చునే ఉంటారు. "గోవిందా" అని లేచి కదిలే చోటు ఒకటి మధ్యలో వెనక్కి పోతూ ఉంటుంది. మనుషులు ముందుకు, కదలిక వెనక్కి. మీరు చెప్పే పొర అదేనా?

కొండకింద · ఆదివారం ఉదయం 7:10

అదే అన్నా. ఇది నేను మా గైడ్‌కు చెప్పకపోతే పాపం తగులుతుంది.

చిత్తూరు ఫిజిక్స్ సార్ · ఆదివారం ఉదయం 8:30

ఇంతవరకు బాగుంది. అయితే ఆ అమ్మాయి పట్టు విడిచే రకం కాదు. మలుపు తిరిగే ప్రతి ఎలక్ట్రాన్ రేఖలూ వంగాల్సిందే కదా. మరి ఆ వంపులన్నీ ఏమైనట్టు?

లెక్క చూపండి · ఆదివారం ఉదయం 9:15

ఇక్కడే అసలు సంగతి ఉంది. చిన్నప్పుడు సైకిలు ఊచలకు రంగు పూసలు ఎక్కించుకునేవాళ్ళం, గుర్తుందా? ఒక్క పూస పెట్టి చక్రం తిప్పితే అది పైకి కిందికి, ముందుకు వెనక్కి పోవడం కనిపిస్తుంది. దూరం నుంచి చూసేవాడికి పూస ఊగుతున్నట్టే ఉంటుంది. రెండో పూసను సరిగ్గా ఎదుటివైపు పెట్టండి. ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి వస్తుంది, మొత్తం మీద సగటు చోటు కదలదు. మూడు, నాలుగు, పది సమాన ఎడంలో పెట్టుకుంటూ పోండి. చివరికి చక్రం అంచంతా పూసలతో నిండిపోతుంది. ఇప్పుడు చక్రం తిరుగుతోందో ఆగి ఉందో దూరం నుంచి చెప్పగలరా?

వలయంలో తిరిగే ఎలక్ట్రాన్లు సరిగ్గా అంతే. ఒక్క ఎలక్ట్రాన్ తిరిగితే తరంగం పంపుతుంది. ఎదురెదురుగా రెండు తిరిగితే ఒకదాని వంపును ఇంకొకటి చాలావరకు చెరిపేస్తుంది, మిగిలేది బాగా బలహీనం. సమాన ఎడంలో ఎన్ని కలుపుతూ పోతే మిగిలేది అంత వేగంగా తరిగిపోతుంది. కలిపిన ప్రతి ఎలక్ట్రాన్‌కూ, వేగాన్ని కాంతివేగంతో భాగించిన భిన్నం వర్గంతో ఇంకొకసారి గుణించినట్టు. తీగలో ఆ భిన్నం 10⁻¹² కన్నా తక్కువ. ఎలక్ట్రాన్లు 10²¹ లెక్కన ఉన్నాయి. సున్నా అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కాబట్టి పాఠంలోని వాక్యం ఒక్క ఆవేశానికి సరిపోతుంది. గుంపుకు అదే వాక్యం సరిపోదు. గుంపుగా ఉన్నప్పుడు మొత్తం ఆవేశం, మొత్తం కరెంటు కాలంతో పాటు మారుతున్నాయా లేదా అని చూడాలి. టార్చి తీగలో ఏ చోట చూసినా ఈ క్షణం ఎంత కరెంటో మరుక్షణం అంతే. కొత్త కబురేదీ లేనప్పుడు మోసుకుపోవడానికి ఏముంటుంది?

పాత వైర్‌లెస్ · ఆదివారం ఉదయం 10:02

అలాగైతే ప్రసార స్తంభంలో ఏం జరుగుతోందో కూడా చెప్పండి. అక్కడా ఎలక్ట్రాన్లు పాకేవే కదా. కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద మా ఇంట్లో గణగణ వినిపిస్తుంది.

లెక్క చూపండి · ఆదివారం ఉదయం 11:25

మంచి ప్రశ్న. లెక్క నాకే ఆశ్చర్యంగా వచ్చింది, రెండుసార్లు చేశాను. నిన్నటి తీగనే తీసుకుందాం: పది సెంటీమీటర్లు, గరిష్ఠంగా 1.4 ఆంపియర్లు. కరెంటు మాత్రం సెకనుకు 9 లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఎలక్ట్రాన్ గరిష్ఠ వేగం ఇప్పుడూ సెకనుకు 0.1 మిల్లీమీటరే. దిశ మార్చుకునే తొందర వల్ల త్వరణం మాత్రం 565 మీ/సె². మలుపులో వచ్చినదాని కన్నా యాభై కోట్ల రెట్లకు పైనే.

ఇప్పుడు రెండు రకాలుగా కూడదాం. ప్రతి ఎలక్ట్రాన్ తన ఇష్టం వచ్చినప్పుడు ఊగితే, ఎవరి శక్తి వారిదిగా కూడాలి: సుమారు 8 × 10⁻²⁷ వాట్. అన్నీ ఒకే లయలో ఊగితే ముందు క్షేత్రాలను కూడి, తరువాత వర్గం చెయ్యాలి. అంటే ఎలక్ట్రాన్ల సంఖ్య వర్గంగా పెరుగుతుంది: సగటున 0.07 మిల్లీవాట్. అవే ఎలక్ట్రాన్లు, అదే వేగం. లయ కుదరడం వల్ల వచ్చిన తేడా 10²² రెట్లకు దగ్గర.

వలయంలో సద్దుమణిగి తిరిగితే సున్నా, అల్లరిగా ఊగితే సంఖ్య అంత, లయగా ఊగితే సంఖ్య వర్గమంత. ఆ అమ్మాయికి ఈ మూడూ చెప్పండి.

కొండకింద · ఆదివారం మధ్యాహ్నం 12:10

కొండ మీద వెయ్యిమంది ఎవరికి వారు గొణుక్కుంటే రొద, ఒక్కసారిగా "గోవిందా" అంటే కొండ దద్దరిల్లడం. అలాగన్నమాట.

లెక్క చూపండి · ఆదివారం మధ్యాహ్నం 12:14

పోలికకు సరే. ఒకేసారి అన్నా వెయ్యి గొంతుల శబ్ద తరంగాలు లయ కలవవు. ఎలక్ట్రాన్లంత క్రమశిక్షణ భక్తులకు లేదు.

పాత వైర్‌లెస్ · ఆదివారం మధ్యాహ్నం 1:00

లయ అంటే కళ్ళారా చూడాలనుకునేవారు గాదంకి వెళ్ళాలి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో మనమంతా టోల్‌గేటు దగ్గర ఆగి వస్తుంటాం, దగ్గరలోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి రాడార్ ఉందని చాలామందికి తెలియదు. నేను ఒకసారి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 32 వరసలు, వరసకు 32 యాంటెనాలు, మొత్తం 1024. పాత ఇళ్ళ మీద టీవీ యాంటెనా ఉండేది కదా, అలాంటివే, కాకపోతే ఒకదానికొకటి అడ్డంగా జంటగా, మూతి ఆకాశం వైపు. పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు. గరిష్ఠ సామర్థ్యం 2.5 మెగావాట్లని కట్టినప్పటి లెక్క.

అప్పుడు నాకు ఒక సందేహం వచ్చింది, నిన్న రాత్రి ఇక్కడి జవాబు చూశాకే తీరింది. ఆ యాంటెనా కడ్డీలు నేలకు సమాంతరంగా ఎందుకు పడుకుని ఉన్నాయి? కడ్డీలో ఎలక్ట్రాన్లు అడ్డంగా ఊగుతాయి, తరంగం వాటికి అడ్డంగా పోవాలి, అంటే నెత్తి మీదికి. వాళ్ళకు కావలసిందీ అదే, పైనున్న గాలి సంగతులు. కడప స్తంభం నిలువుగా ఉంటుంది, అందుకని నేల పొడవునా ఊళ్ళ మీదికి పంపుతుంది, నెత్తి మీదికి పంపదు. ముప్పై ఏళ్ళు యాంటెనాలు బిగించినవాడిని, బిగించే దిక్కు తెలుసు, కారణం ఇప్పుడు తెలిసింది.

ఇంకో ముచ్చట. 1024 యాంటెనాలకూ కరెంటు ఒకే క్షణంలో కాకుండా వరసవరసకూ రవ్వంత ఆలస్యంగా ఇస్తే, తరంగాల పుంజం పక్కకు వాలుతుంది. ఒక్క యాంటెనాను కూడా కదపకుండా ఆకాశంలో కావలసిన చోటికి గురి పెడతారు.

విసుగు · ఆదివారం మధ్యాహ్నం 2:20

ఇవన్నీ సరే. మరి పరమాణువులో ఎలక్ట్రాన్ కేంద్రకం చుట్టూ తిరుగుతుంది కదా? ఒక్కటే ఎలక్ట్రాన్, పూసలు నింపే వీలు లేదు. హైడ్రోజన్ ఎందుకు కూలిపోదు?

కొండకింద · ఆదివారం మధ్యాహ్నం 3:05

కూలిపోవాలి, పాత లెక్క ప్రకారమైతే. రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకం సంగతి చెప్పిన వెంటనే అందరి గొంతులోనూ పడిన ముల్లు ఇదే. లార్మర్ సూత్రం పెట్టి చూస్తే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ శక్తి పారేసుకుంటూ 1.6 × 10⁻¹¹ సెకన్లలో కేంద్రకంలో పడిపోవాలి. 1913లో బోర్ "కొన్ని కక్ష్యల్లో వెదజల్లదు, అంతే" అని గీత గీశాడు. గీత పనిచేసింది, కారణం మాత్రం తరువాత పదమూడేళ్ళకు గానీ రాలేదు.

1926లో వచ్చిన తరంగ యాంత్రికశాస్త్రం చెప్పేది ఇందాకటి పూసల చక్రానికి చుట్టమే. స్థిర స్థితిలో ఎలక్ట్రాన్ ఒక చుక్కలా తిరగడం లేదు, దాని ఆవేశ వితరణ కాలంతో మారకుండా పరుచుకుని ఉంది. మార్పు లేదు, తరంగం లేదు. ఎలక్ట్రాన్ పై స్థితి నుంచి కింది స్థితికి దిగే సందులో రెండు స్థితుల మిశ్రమంగా ఉంటుంది, అప్పుడు ఆ వితరణ అటూ ఇటూ ఊగుతుంది. ఊపు ఏ పౌనఃపున్యంతో ఉందో అదే రంగు వెలుగు వస్తుంది. పూర్తి కథ కావాలంటే క్షేత్రానికి కూడా క్వాంటం సిద్ధాంతం వర్తించాలి, అది ఇక్కడ పట్టదు.

విసుగు · ఆదివారం మధ్యాహ్నం 3:30

సరే ఇంకోటి. ఇండోర్‌లో సింక్రోట్రాన్ ఉంది. అందులోనూ వలయంలో ఎలక్ట్రాన్లు తిరుగుతాయి, కరెంటు కూడా నిలకడగానే ఉంటుంది. అది మాత్రం దేదీప్యమానంగా వెలుగుతుందట. మీ పూసల చక్రం ఇక్కడ ఏమైంది?

లెక్క చూపండి · ఆదివారం సాయంత్రం 4:45

విసుగు గారు విసుగ్గా అడుగుతారు గానీ మంచి ప్రశ్నలు అడుగుతారు.

మీరు చెప్పిన ఇండోర్ యంత్రం పేరు ఇండస్-2. అందులో ఎలక్ట్రాన్ శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు, వలయం చుట్టుకొలత 172 మీటర్ల పైచిలుకు. రెండు తేడాలున్నాయి. ఒకటి, వేగం కాంతివేగానికి అంగుళం దూరంలో ఉంది. కలిపిన ప్రతి పూసకూ గుణించే ఆ భిన్నం ఇక్కడ దాదాపు ఒకటి, కనుక చెరిపివేత బలహీనపడిపోతుంది. రెండు, అక్కడి ఎలక్ట్రాన్లు సమాన ఎడంలో లేవు. గుత్తులుగా తిరుగుతాయి, గుత్తిలో ఎవరి చోటు వారిది, పద్ధతి లేదు. ఎక్స్-కిరణం తరంగదైర్ఘ్యం పరమాణువంత ఉంటుంది, గుత్తి పొడవు దానికన్నా కోట్ల రెట్లు. ఆ కొలత దగ్గర చూస్తే పూసలు అస్తవ్యస్తంగా చల్లినట్టే. అస్తవ్యస్తమైనవి చెరుపుకోలేవు, లయ కుదుర్చుకోలేవు. మూడింటిలో నడిమి రకం: సంఖ్య అంత వెలుగు. ఎలక్ట్రాన్లు నిజంగా అవిచ్ఛిన్నమైన ద్రవంలా పరుచుకుని ఉంటే ఇండోర్ యంత్రం కూడా చీకటిగా ఉండేది. ఎలక్ట్రాన్లు విడివిడి గింజలు కాబట్టే ఆ వెలుగు.

ఒక్కో చుట్టుకు ఒక్కో ఎలక్ట్రాన్ దాదాపు 623 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకుంటుంది, దాన్ని ప్రతి చుట్టులోనూ మళ్ళీ నింపాలి. యంత్రం కట్టేవారికి ఇది నష్టం, ఎక్స్-కిరణాలు కావలసినవారికి లాభం. మొదట చూసినవాళ్ళు దీనికోసం వెతకలేదు కూడా. 1947లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో 70 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల యంత్రం నడుస్తుంటే, గోడ అవతల నుంచి ఒక టెక్నీషియన్ అద్దంలో తొంగి చూశాడు. గాజు గొట్టంలో నీలితెలుపు వెలుగు చుక్క కనిపించింది.

ఆకురాయి · ఆదివారం సాయంత్రం 5:30

ఒక మాట అడగాలని ఉంది. బల్ల మీద పెట్టిన ఆవేశం భూమ్యాకర్షణలో ఉంది. ఐన్‌స్టీన్ ప్రకారం అది త్వరణంతో సమానం. మరి అది కూర్చున్న చోటే వెదజల్లాలి కదా?

నిర్వాహకుడు · ఆదివారం సాయంత్రం 5:41

ఈ ఒక్క ప్రశ్న మీద పెద్దలు దశాబ్దాలు కొట్టుకున్నారు. బల్ల పక్కనే కూర్చున్నవాడికి తరంగం కనిపించదు అన్నది చాలామంది ఒప్పుకున్న జవాబు. దీనికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ సోమవారం తరగతి ఉంది.

చిత్తూరు ఫిజిక్స్ సార్ · సోమవారం సాయంత్రం 6:15

తరగతి అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మామిడి తోట గారి స్టార్టర్ కథ నుంచి ఉపాయం తీసుకున్నాను. పాత ట్రాన్సిస్టర్ రేడియోను మీడియం వేవ్‌లో ఏ కేంద్రమూ లేని చోట పెట్టి ధ్వని పెంచాను. పక్కన రెండు బ్యాటరీ సెల్లులు, మూరెడు తీగ, పాతకాలపు తంతువు బల్బు. తీగను సెల్లుకు తాకిస్తే "టిక్". బల్బు వెలిగింది, రేడియో నిశ్శబ్దం. తీగను చుట్టలు చుట్టాను, మెలి తిప్పాను, నిశ్శబ్దమే. తీగ తీస్తే మళ్ళీ "టిక్", ఈసారి ఇంకా గట్టిగా. తరువాత సెల్లు ఒక కొసను ఆకురాయికి కట్టి, రెండో కొస తీగతో ఆకురాయి పళ్ళ మీద గీశాను. రేడియో జొన్నలు వేయించినట్టు చిటపటలాడింది. ప్రతి పన్నూ ఒక తాకు, ఒక తెగు. హెర్ట్జ్ 1880ల చివర నిప్పురవ్వలతో చేసిన పని కూడా జాతి ఒకటేనని చెప్పాను.

వంట గదిలో వాడే గ్యాస్ లైటర్ ఒక కుర్రాడు ఎక్కడి నుంచో తెచ్చాడు. నొక్కిన ప్రతిసారీ రేడియో ఉలిక్కిపడింది. ఎక్కడ దొరికిందో అడగలేదు.

ఇక్కడిదాకా నేను అనుకున్నట్టే నడిచింది. అప్పుడు ఇంకో పిల్ల తన సంచిలోంచి ఎల్‌ఈడీ టార్చి తీసి రేడియో పక్కన వెలిగించింది. వెలిగినంతసేపూ "జుయ్‌య్‌య్" అంటూ ఆగని రొద! "సార్, ఇదీ బ్యాటరీయే, ఇదీ డైరెక్ట్ కరెంటే" అంది. తరగతి అంతా నా మొహం చూసింది. పదిహేనేళ్ళ అనుభవం అక్కరకు రాలేదు.

పాత వైర్‌లెస్ · సోమవారం సాయంత్రం 6:50

అందులో చిన్న సర్క్యూట్ ఉంటుంది సార్. బ్యాటరీ వోల్టేజీని ఎల్‌ఈడీకి కావలసినంతగా మార్చడానికి అది సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు కరెంటును తెంపి కలుపుతూ ఉంటుంది. బయటికి డైరెక్ట్ కరెంటు, లోపల మీ ఆకురాయి. ఇంట్లో చవక ఎల్‌ఈడీ బల్బులు పెట్టుకున్నాక మీడియం వేవ్ వినడం కష్టమైంది, మా ఈడు వాళ్ళందరి గోడు ఇదే.

ఇంకొకటి ఎవరూ అనలేదు. ఆ తంతువు బల్బు మౌనంగా ఉందంటున్నారు. అది వెలుగుతోంది కదా! ఆ వెలుగు కూడా ఆవేశాల త్వరణమే. వేడికి తంతువులో ఎలక్ట్రాన్లు, పరమాణువులు అడ్డదిడ్డంగా గుద్దుకుంటూ ప్రతి గుద్దుకూ ఓ ముక్క తరంగం వదులుతున్నాయి. తీగ వంపులో దొరకని వెలుగు దాని కొసలోనే ఉంది.

చిత్తూరు ఫిజిక్స్ సార్ · సోమవారం రాత్రి 8:20

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయికి ఈ చర్చ చూపించాను. పూసల చక్రం దాకా చదివి, "అంటే సార్, వాక్యం తప్పు కాదు, పూర్తి కాలేదు" అంది. పుస్తకంలో ఆ వాక్యం కింద ఒక గీత గీసుకుని, "ఒక్క ఆవేశమైతే" అని పక్కన రాసుకుంది. నా పుస్తకంలో నేనూ రాసుకున్నాను.

మామిడి తోట · మంగళవారం రాత్రి 7:35

నిన్నటి నుంచి నేనూ రేడియో వదల్లేదు. సార్ చెప్పినట్టు కేంద్రం లేని చోట పెట్టి వసారాలో కూర్చున్నాను. పడమర కొండల మీద మబ్బు పట్టింది. మెరుపు మెరిసినప్పుడల్లా రేడియోలో "చర్" మంటోంది, రెంటికీ మధ్య రెప్పపాటు తేడా కూడా లేదు. మబ్బు వెనక మెరిసి నాకు కనిపించనివి కూడా రేడియోకు తెలుస్తున్నాయి. మొదట "చర్" మన్నాక ముప్పై లెక్కపెడితే ఉరుము వినిపించింది. ఒక పావుగంట తరువాత ఇరవై రెండు. ఇప్పుడే ఇంకొకటి, పద్నాలుగుకే ఉరిమింది, అంటే అయిదు కిలోమీటర్ల లోపే. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది, గాలి రాకుండా ఉంటే చాలు. స్టార్టర్ మెయిన్ తీసేసి లోపలికి పోతున్నాను.